పొట్లము మీది వ్రాత

సోదరీమణులారా! బియ్యములో రాళ్లేరుటయు, పప్పులో పుచ్చు నెంచుటయు మనమెల్లరము నేర్చితిమి. పాలలో నీరు కలిసినచో వ్రేలితోడనే కనిపెట్టుదుము. కాని బడికి పోవు బిడ్డలు దినదినమును కొని తినుచున్న పొట్లముల వెనుక చీమలబారువలె నున్న వ్రాతను చదువ నేర్చినవారము ఎందరము? నేనును మొన్నటి సంక్రాంతి వరకు నేర్వనిదాననే.

నా పుట్టినిల్లు నంద్యాల, మెట్టినిల్లు ఆళ్లగడ్డ. మా నాయనగారు ఇంటనే నాకు భారతమును, వసుచరిత్రమును చెప్పిరి గాని వ్యాపారపు లెక్కలు చెప్పలేదు. అవి నా తమ్మునికి అబ్బినవి. అతడు నంద్యాలలో బిస్కత్తులు, చిప్సు, నూడుల్సు, తీపి పానీయములు అంగళ్లకు చేర్చు ఏజెన్సీ నడుపుచున్నాడు. నాయనగారి మందులకు ఆ సొమ్మే ఆధారము. మావారు ఆళ్లగడ్డలో బడిపంతులు. ఈ యిద్దరి నడుమ పుట్టిన తగవే ఈ వ్యాసమునకు మూలము.

మావారి బడి గేటు ప్రక్కనే ఒక వితంతువు చిన్న బంకు పెట్టుకొని బ్రతుకుచున్నది. అందలి సరకు మా తమ్ముడు పంపునదే. కొవ్వు, ఉప్పు, చక్కెర అధికముగా గల పదార్థములను బడిలోను, బడి గేటునకు 50 మీటర్ల లోపలను అమ్మరాదని కేంద్ర ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ 2020లో నిబంధన చేసినది. మావారు దానిని ఆమెకు చదివి వినిపించిరి. ఆమె మా తమ్మునికి ఫోను చేసి యేడ్చినది. పండుగనాడు అతడు కోపముతోనే గడప దాటి వచ్చెను.

"అక్కా! బావగారు పేదరాలి నోటికాడి కూడు తీయుచున్నారు. మేము ఎవరి నోటనైనను బలవంతముగా కుక్కుచున్నామా? తినుట, మానుట వారి యిష్టము గదా!" అనెను. పిమ్మట పెద్ద కంపెనీలవారు ప్రభుత్వముతో చెప్పు మాటలన్నియు వరుసగా ఏకరువు పెట్టెను. అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారమనగా నేమో నిర్వచనమే తేలలేదట. హెచ్చరిక గుర్తు వేయుమన్నచో మన ఆవకాయకును, నేతికిని, అప్పడమునకును వేయవలసివచ్చునట. పది రూపాయలకు శుభ్రమైన తిండి పేదవానికి అందుచున్నదట. ఎందరికో జీవనోపాధి కలుగుచున్నదట. ఉప్పును, చక్కెరను కంపెనీలే తమంతట తాము తగ్గించునట, చట్టము అక్కరలేదట.

ఇందు సత్యము లేకపోలేదు. రక్తపుపోటు గల మా అత్తగారికి డాక్టరుగారు మొదట మాన్పించినది ఊరగాయనే. కాని నిర్వచనము లేదనుట సరికాదు. బ్రెజిల్ దేశమున సావో పాలో విశ్వవిద్యాలయపు ఆచార్యుడు కార్లోస్ మాంటీరో 2009లో ప్రతిపాదించిన విభజన, పిమ్మట 'నోవా' యను పేర నాలుగు తరగతులుగా స్థిరపడినది. గీతలో ఆహారము మూడు విధములని చదివిన నాకిది వింతగా తోచలేదు. ధాన్యము, కూరలు, పాలు మొదటి తరగతి. నూనె, ఉప్పు, చక్కెర రెండవది. ఈ రెంటిని కలిపి చేసిన ఊరగాయవంటివి మూడవది. మన వంటింట కానరాని రంగులు, వాసనలు, పలువిధములైన రసాయన ద్రవ్యములు చేర్చి కార్ఖానాలలో కూర్చినవి నాలుగవది. అంచులయందు తగవులుండవచ్చును, అంతమాత్రమున విభజనయే లేదనరాదు. అదియునుగాక, ఆవకాయ జాడీ ముందు పెట్టుకొని సినిమా చూచుచు ఖాళీ చేయువారిని నేనెన్నడును చూడలేదు.

ఇష్టమను మాటకును ఒక సమాధానము కలదు. 2019లో అమెరికాలో కెవిన్ హాల్ అను పరిశోధకుడు 20 మందిని ఒకచోట నుంచి, రెండు వారములు ఈ నాలుగవ తరగతి తిండియు, రెండు వారములు సామాన్యమైన తిండియు పెట్టెను. ముందుంచిన తిండిలో చక్కెర, కొవ్వు, ఉప్పు రెండింటను సమానముగానే యుంచిరి. అయినను మొదటిదానిని తిన్నప్పుడు వారు దినమునకు సుమారు 500 కెలోరీలు అధికముగా తినిరి. చేయి తనంతట తానే పొట్లములోనికి పోవుచుండగా దానిని ఇష్టమందుమా?

కంపెనీలు తమంతట తగ్గించుననుటకు బ్రిటన్ దేశమే సాక్షి. చక్కెర పాళ్లను బట్టి పానీయములపై సుంకము వేయుదుమని 2016లో ప్రకటించి 2018లో వేసిరి. ఆ నడుమనే పెక్కు కంపెనీలు చక్కెర తగ్గించినవి. భయము లేనినాడు ఆ బుద్ధి ఏల పుట్టలేదో!

ఈ మాటలేవియు మా తమ్ముని కదలింపలేదు. అతనిని కదలించినవాడు ఆరవ తరగతి చదువు మా చిన్నవాడు. మామ తెచ్చిన పొట్లమును తిరగవేసి, భూతద్దముతో చదివెను. పొట్లము 50 గ్రాములు. 100 గ్రాములకు సోడియము 800 మిల్లీగ్రాములు. పెద్దవారికి దినమంతటికిని 2000 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట; పిల్లలకు ఇంకను తక్కువ. "మామా! ఒక్క పొట్లముతోనే అయిదవ వంతు తీరినది. నేను రెండు తినుచున్నాను" అనెను. తమ్ముడు పొట్లమును చేతిలోనికి తీసికొని, "పదేండ్లనుండి అమ్ముచున్నాను గాని వెనుకవైపు చూడనేలేదక్కా" అనెను.

అప్పుడు నేను ముందువైపు నున్న పచ్చచుక్కను చూపితిని. అది శాకాహారమని చదువురాని మా అత్తగారును గుర్తుపట్టును. ఆ చుక్కకు చోటు దొరకినప్పుడు ఉప్పు, చక్కెర అధికమని తెలుపు గుర్తుకు దొరకదా? చిలీ దేశమున 2016 నుండి నల్లని అష్టకోణపు గుర్తు వేయుచున్నారు. మన దేశమున 2022లో నక్షత్రముల గుర్తులకు ముసాయిదా వెలువడినది. పలు వినియోగదారుల సంఘములు నక్షత్రములు వలదు, హెచ్చరికయే కావలెననినవి. మంచికి గుర్తుగా నేర్చిన నక్షత్రమును చూచి, చెడును తల్లి యెట్లు గ్రహించును? వ్యవహారము సుప్రీంకోర్టునకును చేరినది. 2025 సెప్టెంబరులో తీపి సోడాలపై పన్ను నూటికి 40 చేసిరి. బిస్కత్తులకు, నూడుల్సుకు మాత్రము 5కు దించిరి.

తమ్ముడు వ్యాపారము మానలేదు. మానుమని నేనును అనలేదు. నాయనగారి మందులు నాకు తెలియును. కాని ఆ బంకునకు చిప్సు పంపుట మానినాడు. మా వీధి స్త్రీలము పప్పులుండలు, బొరుగులుండలు, నంద్యాల పరిశోధనా స్థానమువారి సూర్యనంది కొర్రలతో మురుకులు చేసి ఆమెకిచ్చుచున్నాము. బెల్లమును తీపియే గనుక బిడ్డకొక్కటే యని కట్టడి. మొదటి మాసము ఆమె రాబడి తగ్గినది. ఇప్పటికిని మునుపటంత లేదు. ఆ లోటు కొంత మేము చందాలతో పూరించుచున్నాము. చట్టము చేయువారు ఇట్టి పేదరాండ్రను తలపక చేసినచో అది సగము ధర్మమే యగును.

సోదరీమణులారా! గుర్తు ఎన్నడు వచ్చునో రానిండు. అంతవరకు పొట్లము విప్పుటకు ముందు ఒక్కమారు తిరగవేసి, బిడ్డచేత బిగ్గరగా చదివింపుడు. లెక్క వాడే చేయును.