రసీదు

మతిమరుపు అన్న మాట మనకు ఎంత దగ్గరిదంటే, దాన్ని మనం జబ్బుగా గుర్తించనే గుర్తించం. పొయ్యి మీద పాలు పెట్టి మరిచినా అదే మాట, సొంత ఇంటి దారి మరిచినా అదే మాట. వయసు మీద పడింది, మతి పోయింది అని సరిపెట్టుకుంటాం. వైద్యులు ఈ రెండవదాన్ని చిత్తవైకల్యం అన్నారు. ఇంగ్లీషు పేరు డిమెన్షియా. అందులో అల్జీమర్స్ పేరు పత్రికల పుణ్యమా అని అందరికీ తెలిసింది. దాని తరువాత ఎక్కువగా కనిపించేది, మెదడులోని రక్తనాళాలు చెడిపోవడం వల్ల వచ్చేది. దాన్ని గురించి, దాని గుట్టు విప్పడానికి శాస్త్రజ్ఞులు మూలకణాలతో చేస్తున్న ప్రయత్నాల గురించి నాకు తెలిసినంత రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. నాకిందులో పాండిత్యమేమీ లేదు. నేను పిల్లలకు తెలుగు చెప్పుకునే ఉపాధ్యాయుణ్ణి. కాకపోతే ఈ జబ్బు మా ఇంట్లో పదమూడేళ్ళు కాపురం చేసింది.

మాది అచ్చంపేట. ఇప్పుడు నాగర్‌కర్నూలు జిల్లా. 2016 అక్టోబరు వరకు మహబూబ్‌నగర్ జిల్లా. నల్లమల అడవి అంచున ఉంటుంది. మా నాయన అక్కడ ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా. పల్లికాయ సీజనులో పొద్దున కూర్చుంటే రాత్రి దీపాలు పెట్టాక గాని లేచేవాడు కాదు. రైతు పేరు, బస్తాల లెక్క, తరుగు, హమాలీ, ఇచ్చిన బయానా, మిగిలిన బాకీ అన్నీ నోటిమీదే ఉండేవి. చిట్టా కేవలం సాక్ష్యానికే. తెలుగు ఇంట్లోది, ఉర్దూ దుకాణంలోది, తండాల రైతులతో మాట్లాడీ మాట్లాడీ నేర్చిన లంబాడీ మూడవది. చదివింది మాత్రం ఏడవ తరగతి.

2008లో, ఆయనకు యాభై ఎనిమిదేళ్ళప్పుడు, ఒకనాటి పొద్దున కుడిచెయ్యి మాట వినలేదు. మాట ముద్దగా వచ్చింది. పది రోజుల్లో చెయ్యి చాలావరకు కుదుటపడింది గాని, ఆ తరువాత ఆయన కూడికలు రెండుసార్లు సరిచూసుకోవడం మొదలైంది. 2012లో మరొకసారి, 2015లో ఇంకొకసారి. అల్జీమర్స్‌లో మరుపు సాయంత్రపు వెలుగులా మెల్లమెల్లగా తగ్గిపోతుందంటారు. నాయనది అట్లా కాదు. మా ఊరి దగ్గర ఉమామహేశ్వరం కొండ ఉంది కదా, ఆ మెట్లు దిగినట్టు దిగాడాయన. ఒక మెట్టు దిగేవాడు, అక్కడ చాన్నాళ్ళు నిలిచేవాడు. ఇక ఇంతే, ఇక్కడే ఉంటాడు అని మేము ధైర్యం చెప్పుకునే సమయానికి ఇంకో మెట్టు. అది రక్తనాళాల జబ్బుకు తరచు కనిపించే నడక అని మాకు ఆ తరువాత తెలిసింది.

మెదడు బరువు మన శరీరంలో నూటికి రెండు పాళ్ళు. అది వాడుకునే ప్రాణవాయువు మాత్రం దాదాపు ఇరవై పాళ్ళు. ఆ పోషణంతా జరిగేది వెంట్రుక కన్నా ఎంతో సన్నని కేశనాళికల ద్వారా. ఒక మనిషి మెదడులోని ఆ నాళికలన్నిటినీ విప్పి వరుసగా పరిస్తే సుమారు ఆరు వందల కిలోమీటర్లు వస్తాయట! అచ్చంపేట నుంచి హైదరాబాదుకు రెండుసార్లు పోయివచ్చినా ఇంకా దారి మిగులుతుంది. పైగా ఇవి వట్టి గొట్టాలు కావు. లోపలి గోడను పరిచిన కణాలు ఒకదానికొకటి బిగుతుగా అతుక్కుని, నెత్తురులోనిది ఏది పడితే అది మెదడులోకి చొరబడకుండా కాపలా కాస్తాయి. వాటి చుట్టూ నాళాన్ని పట్టి నిలిపే కణాలు, కాస్త పెద్ద నాళాలకైతే కండర కణాలు ఉంటాయి. ఈ గోడ మందమై దారి ఇరుకైనా, కాపలా సడలి నాళం కారినా, ఆ నాళాన్ని నమ్ముకున్న మెదడు తుకడా ఎండిపోతుంది. నాయన ఎమ్మారై చిత్రంలో డాక్టరు చూపించిన తెల్లని మచ్చలు అట్లాంటి ఎండిన మళ్ళే. బోరు బాగానే ఉంది, నీళ్ళు పారే కాలువలు పూడిపోయాయి.

చాలామందికి ఈ గతి పట్టించేవి రక్తపోటు, మధుమేహం, పొగాకు. నాయన బీడీ ముట్టలేదు. రక్తపోటు కొద్దిగానే ఉండేది. అయితే మా తాత యాభై అయిదేళ్ళకు పక్షవాతంతో పడ్డాడు. చిన్నాయన యాభై రెండుకే మంచం పట్టాడు. హైదరాబాదులో చూసిన డాక్టరు ఈ వంశక్రమమంతా ఓపికగా రాసుకుని, ఒక జన్యుపరీక్ష చేయించమన్నారు. ఫలితంలో వచ్చిన పేరు కాడసిల్. నాచ్-3 అనే జన్యువులో మార్పు వల్ల వచ్చే జబ్బు ఇది. ఆ జన్యువును ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు 1996లో కనుక్కున్నారు. అది తయారుచేసే మాంసకృత్తు రక్తనాళాల కండర కణాలమీద ఉంటుంది. అందులో తేడా వస్తే నాళాల చుట్టూ అది పేరుకుంటుంది, కండర కణాలు క్రమంగా క్షీణిస్తాయి. తల్లిదండ్రుల్లో ఎవరికున్నా, ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. ఇదేదో కోటికొకరికి వచ్చే వింత అనుకున్నాను. 2016లో నెదర్లాండ్స్ పరిశోధకులు ప్రపంచవ్యాప్తంగా జన్యువుల లెక్కలు తీసి చూస్తే, ఈ జన్యువులో అట్లాంటి మార్పులు ప్రతి వెయ్యిమందిలో ముగ్గురు నలుగురికి ఉన్నాయని, ఆసియావాసుల్లో ఇంకా ఎక్కువని తేలింది. వారిలో చాలామందికి జబ్బు తేలికగానో, ఆలస్యంగానో వస్తుందట. మా నాయనకు ఆ దయ దక్కలేదు.

ఇక మూలకణాల సంగతి. బతికున్న మనిషి మెదడులోంచి రక్తనాళం ముక్క కోసి పరీక్షించడం కుదిరే పని కాదు. చనిపోయాక చూస్తే కాలిపోయిన ఇల్లే కనబడుతుంది గాని నిప్పు ఎక్కడ అంటుకుందో కనబడదు. ఎలుకల్లో ఈ జన్యుమార్పును ప్రవేశపెట్టారు, నాళాల చుట్టూ పేరుకోవడం కనిపించింది. కానీ మనిషికి వచ్చినట్టు వరస పక్షవాతాలు వాటిలో సరిగా రావు. ఈ చిక్కును విప్పే దారి జపాన్ నుంచి వచ్చింది. క్యోటో విశ్వవిద్యాలయంలో షిన్యా యమనాక 2006లో ఎలుక చర్మకణాల్లో నాలుగు జన్యువులను ప్రవేశపెట్టి, వాటిని పిండదశలోని కణాల వంటి మూలకణాలుగా మార్చాడు. 2007లో మనిషి కణాలతోనూ అదే సాధించాడు. 2012లో జాన్ గర్డన్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. అంటే, ముదిరిన కణం తన బాల్యానికి వెళ్ళగలదన్నమాట! అట్లా వెనక్కి వెళ్ళిన కణానికి తగిన సంకేతాలిస్తే అది నాడీకణం కాగలదు, గుండెకణం కాగలదు, రక్తనాళపు కండరమూ కాగలదు. ముఖ్యమైన సంగతేమిటంటే, ఆ మనిషి జన్యువులన్నీ, చెడినదానితో సహా, అందులో ఉంటాయి.

2019లో మాంచెస్టరు పరిశోధకులు కాడసిల్ రోగుల కణాలతో సరిగ్గా ఈ పనే చేశారు. రోగుల కణాల నుంచి వచ్చిన ఆధార కణాలు పక్కనున్న సన్నని నాళికలను నిలబెట్టలేకపోతున్నాయని, అవి తొందరగా కూలిపోతున్నాయని గమనించారు. 2023లో కేంబ్రిడ్జి పరిశోధకులు ఇంకొక వంశపారంపర్య నాళవ్యాధిని ఎంచుకున్నారు. అందులో చెడేది నాళాల కింద పరిచి ఉండే కొల్లాజెన్ అనే పదార్థపు జన్యువు. రోగుల చర్మకణాల నుంచి మూలకణాలు, వాటినుంచి మెదడు నాళాల కణాలు తయారుచేస్తే, ఆధారపు అల్లికను తెగగొట్టే కొన్ని ఎంజైములు హద్దుమీరి పనిచేయడం, కాపలా గోడ కారడం పాత్రలోనే కనబడ్డాయి. ఆ ఎంజైములను అణిచే రెండు మందులు వేస్తే కారడం ఆగింది. వాటిలో ఒకటి మన మందుల షాపుల్లో దొరికే డాక్సీసైక్లిన్. ఇది చదివి ఎవరూ షాపుకు పరిగెత్తవద్దు. ఈ మందులకు దుష్ఫలితాలున్నాయని, ఇవే చికిత్స కాదని, దారి ఎటు ఉందో మాత్రమే చూపించాయని ఆ పరిశోధకులే చెప్పారు.

ఈ పద్ధతికీ పరిమితులున్నాయి. బాల్యానికి వెళ్ళిన కణం తన వయసును కూడా చాలావరకు మరిచిపోతుంది; అరవై ఏళ్ళకు వచ్చే జబ్బును పసికణంలో వెతకవలసి వస్తుంది. పాత్రలో గుండె లేదు, రక్తపోటు లేదు, ఉప్పు లేదు, చింత లేదు. 2021లో అమెరికా నుంచి వచ్చిన ఒక పరిశోధన మరొక సంగతి తేల్చింది. 2012 నుంచి చాలా ప్రయోగశాలలు మెదడు నాళాల లోపలి గోడ కణాలనుకుని వాడుతున్న ఒక రకం కణాలు, నిజానికి వేరే జాతి పొరకణాల లక్షణాలు కలవని చెప్పింది. తాము కట్టుకున్న ఇంటి పునాదిని తామే తవ్వి చూసుకునే ఈ అలవాటు వల్లనే నాకు ఆ వృత్తి మీద గౌరవం పెరిగింది.

గౌరవం లేనిది ఇంకొకదానిమీద. నాయన మూడవ మెట్టు దిగిన రోజుల్లో ఒక బంధువు రంగుల కాగితం తెచ్చిచ్చాడు. మూలకణాల సూదులతో మతిమరుపు పోతుందట; లక్షల్లో ఖర్చు. అమ్మ పుస్తెలతాడు తీసి బల్లమీద పెట్టింది. దాన్ని తిరిగి ఆమె మెడలో వేయించడానికి మాకు రెండు రోజులు పట్టింది. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో సంగతి స్పష్టంగా ఉంది. రక్తసంబంధమైన కొన్ని వ్యాధులకు చేసే మూలకణ మార్పిడి తప్ప, మిగిలినదంతా చికిత్స కాదు, పరిశోధన. పరిశోధనకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. పాత్రలో జబ్బును చదవడం వేరు, మనిషికి సూది వెయ్యడం వేరు. ఈ రెండింటి మధ్య ఎంత దూరముందో తెలియని ఇళ్ళే ఆ కాగితాలకు అంగళ్ళు.

2018లో డాక్టరు మమ్మల్ని వేరే విషయం అడిగారు. బెంగుళూరులో ఒక పరిశోధనశాలకు మా వంటి కుటుంబాల రక్తం కావాలి, ఇస్తారా అని. (అక్కడ నిమ్హాన్స్, ఎన్‌సీబీఎస్, ఇన్‌స్టెమ్ సంస్థలు కలిసి, చిత్తవైకల్యమూ మానసిక వ్యాధులూ ఉన్న కుటుంబాల నుంచి మూలకణాలు తయారుచేసే పెద్ద ప్రయత్నం ఒకటి అప్పటికే నడుస్తోంది. మమ్మల్ని అడిగింది మరొక చోటు.) అమ్మ సూటిగా అడిగింది:

"దీంతోని ఆయనకు నయమైతదా సారూ?"

"కాదమ్మా. ఆయనకు కాదు. తరువాతివాళ్ళకు ఉపయోగపడొచ్చు. పడుతుందని కూడా మాట ఇవ్వలేను."

"అట్లయితె ఆయన్నే అడుగుండ్రి. నెత్తురు ఆయనది గద."

సంరక్షకురాలిగా ఆమె సంతకం చాలునని నియమమట. అయినా డాక్టరు నాయన ముందు కుర్చీ వేసుకుని, కొంచెం రక్తం తీసుకుంటామని, దాచిపెడతామని, దానితో ఈ జబ్బును చదువుతామని నిదానంగా చెప్పారు. నాయన ఏమి విన్నాడో, ఎంత విన్నాడో! అప్పటికి నా పేరు కూడా రోజు విడిచి రోజు గుర్తుండేది. చాలాసేపు గోడవైపు చూసి, చొక్కా చెయ్యి మడిచి,

"రసీదు ఇస్తరా?" అన్నాడు.

డాక్టరు నవ్వలేదు. అంగీకారపత్రం నకలు తీసి, మీద తారీఖు వేసి ఆయన చేతికిచ్చారు. నాయన దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. పేర్లు పోయాయి, అంకెలు పోయాయి. సరుకు పోయినచోట కాగితం ఉండాలన్న న్యాయం మాత్రం పోలేదు.

నాయన విషయంలో నన్ను ఆశ్చర్యపరిచినది ఇంకొకటుంది. తెలుగులో మాట అందనప్పుడు ఉర్దూలో అందుకునేవాడు. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన ఫలితాల్లో, రెండు భాషలు మాట్లాడేవారికి చిత్తవైకల్యం నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా వచ్చిందని, చదువు రానివారిలోనూ అది నిజమని ఉంది. 2016లో 608 మంది పక్షవాత రోగులను చూస్తే, రెండు మూడు భాషలవారిలో నూటికి నలభై మందికి తెలివితేటలు చెక్కుచెదరలేదు. ఒకే భాషవారిలో ఇరవై మందికే. తండాలవాళ్ళ దగ్గర, తురకల దగ్గర, కోమట్ల దగ్గర నేర్చుకున్న మాటలే నాయనకు ఆ మెట్ల మీద చేతికర్రలయ్యాయేమో! పాత్రలోని కణానికి మాత్రం భాష రాదు. అందుకే ఈ జబ్బును అటు కణంలోనూ, ఇటు మనుషుల్లోనూ, రెండుచోట్లా చదవాలి.

నాయన 2021లో పోయాడు. ఆయన కణాలు మాత్రం సున్నాకు నూట తొంభై ఆరు డిగ్రీల దిగువన, ద్రవ నత్రజనిలో, ఒక అంకె పేరుతో ఉన్నాయని చెప్పారు. ఆ కణాలు నాయన కాదు. వాటికి మా ఊరు తెలియదు, మేము తెలియదు. కానీ నాయనను పడగొట్టినదేదో అందులో ఉంది. దాని మొదటి అడుగును ఏనాటికైనా ఎవరో ఒకరు అక్కడ చూడవచ్చు.

నాకిప్పుడు యాభై దాటింది. నేనింకా ఆ పరీక్ష చేయించుకోలేదు. ఆపే మందు లేని జబ్బు పేరు ముందే తెలుసుకుని ఏమి చెయ్యాలన్నది ఒక ప్రశ్న. పెళ్ళీడుకొచ్చిన బిడ్డకు తెలుసుకునే హక్కు లేదా అన్నది ఇంకొక ప్రశ్న. మొన్న దసరాకు వచ్చినప్పుడు మా అమ్మాయే అంది: "నాన్నా, మీ ఫలితం మీది. నాకు కావాలంటే నా రక్తం నేనిస్తాను. మీరు నాకోసమని చేయించుకోవద్దు, నాకోసమని మానుకోవద్దు." ఇరవై నాలుగేళ్ళ పిల్ల ఇంత తూకంగా మాట్లాడిందంటే అది తాతగారి దుకాణపు వరసే. ఉగాది వెళ్ళాక ఇద్దరం కలిసి జన్యు సలహాదారు దగ్గరికి వెళ్ళాలనుకున్నాం. ముందు వినడానికి, ఆ తరువాత ఎవరి నిర్ణయం వారిది.

ఈలోగా నేను చేయగలిగినది నెలకొకసారి రక్తపోటు చూపించుకోవడం, మాత్ర మరవకపోవడం, పొద్దున గంటసేపు నడవడం. నాళాల జబ్బు వంశంలో ఉన్నా లేకున్నా ఇవి అందరికీ పనికివచ్చేవే. ఇది చదివినవారి ఇంట్లో, కూడికలు రెండుసార్లు సరిచూసుకుంటున్న పెద్దవారు ఎవరైనా ఉంటే, వయసేలే అని వదిలెయ్యకండి. ఒకసారి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి.