మూసీ వెంట, పాలు ముట్టకుండా

అనంతగిరి గుట్టల్లో తెల్లవారుజామున 4 గంటలకు సైకిలెక్కాను. మూసీ పుట్టేది ఇక్కడే. అది కృష్ణలో కలిసే వాడపల్లి దాకా ఒక్క రోజులో తొక్కాలని సంకల్పం. బ్రెవె అనే దూరపు సైకిల్ సవారీలో 200 కిలోమీటర్లకు గడువు పదమూడున్నర గంటలు. అలాంటివి చాలా తొక్కాను, 600 కూడా 40 గంటల్లోపు పూర్తిచేశాను. పాలు, పెరుగు మానేసి ఆరేళ్లయింది. జేబుల్లో పల్లిపట్టి, ఖర్జూరాలు, సంచిలో చింతపండు పులిహోర, సీసాలో ఉప్పూ బెల్లం కలిపిన నీళ్లు. మజ్జిగ లేకుండా ఎండలో ఎట్లా తొక్కుతావని అడిగేవాళ్లకు నా కాళ్లే జవాబు.

గండిపేట దాకా ఇట్టే వచ్చేశాను. 1908 వరద తర్వాత మూసీ మీద ఇక్కడి ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో కట్టారు. వాటి దిగువన నది నదిగా మిగల్లేదు. మూసీ, ఈసీ కలిసే బాపూఘాట్ దగ్గర ముక్కు మూసుకున్నాను. చాదర్‌ఘాట్, నాగోలు, ఎక్కడా ఆగలేదు.

పీర్జాదిగూడ దాటాక ఒడ్డంతా ఆకుపచ్చ. అది పారాగడ్డి. ఒకసారి నాటితే ఏడాది పొడవునా కోతకొస్తుంది. ఎరువు వేయక్కర్లేదు, పారేదే మురుగు. మోపులు కట్టి తబేలాలకు పంపుతారు. హైదరాబాద్ వదిలిన మురుగు గడ్డి అవుతుంది, గడ్డి పాలవుతుంది, పాలు తెల్లారేసరికి హైదరాబాద్‌కే చేరతాయి. ఇక్కడి మట్టిలో, గడ్డిలో, పాలలో సీసం, క్రోమియం వంటి లోహాలను శాస్త్రవేత్తలు ఎప్పుడో గుర్తించారు. అయినా మురుగు ఆగలేదు.

వలిగొండకు ఇవతల, ఈ ఒడ్డునే మా ఊరు. ఇంట్లో మూడు బర్రెలుండేవి. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒకటి పోతుదుడ్డెను ఈనింది. ట్రాక్టర్లు వచ్చాక దున్నతో ఎవరికి పని? బర్రె చేపేదాకా దాన్ని పొదుగు దగ్గర వదిలి, వెంటనే పక్కకు గుంజి కట్టేసేవాళ్లం. తాడు గుంజింది నేనే. నెల తిరక్కుండా చచ్చిపోయింది. నాయన దాని తోలులో ఎండుగడ్డి కూరి, పాలు పిండేటప్పుడు తల్లి ముందు నిలబెట్టేవాడు. అది ఆ తోలును నాకుతూ చేపేది. ఆ పాలు తాగే నేను పెరిగాను. మా నాయన చెడ్డవాడేం కాడు. ఈనితే తప్ప పాలు రావు, ఈనిన వాటిలో ఇంచుమించు సగం పోతులే. ఆ పోతులేమయ్యాయని పాల ప్యాకెట్టు చింపేటప్పుడు ఎవరమూ అడగం.

మధ్యాహ్నం పెద్దమ్మ ఇంటి ముందు దిగాను.

“నల్లచాయ్ పెడ్త తీ బిడ్డా, పాలు తాగవని ఎరుకే. నువ్వు మానేస్తివి గని, పాలమ్మకుంటే మాకెట్ల గడుస్తది?”

ఈ మురుగు నీళ్లకు వేరే ఏ పంట పండిస్తే ఆమెకు పూట గడుస్తుందో చూపించకుండా ఆమెను తప్పుపట్టలేను. మురుగును పూర్తిగా శుద్ధి చేయకుండా వదిలే నగరం మీద నాకు కోపం. పాలు చవకగా కావాలనే మన మీద ఇంకా కోపం.

కొట్టంలో తల్లికి అందనంత దూరంలో ఒక పోతుదుడ్డె కట్టేసి ఉంది. దగ్గర కూర్చున్నాను. చెమట ఆరి ఉప్పు తేలిన నా ముంజేతిని నాకడం మొదలుపెట్టింది. వాడపల్లి ఇంకా చాలా దూరం. పొద్దు వాలేదాకా అక్కడి నుంచి లేవలేదు.