ఆపుట తెలిసిన తరువాతనే నడుపుట

వార్షిక సంచికకు పూర్వ విద్యార్థులుగా ఏదైనా వ్రాయవలసినదని సంపాదకవర్గమువారు కోరినప్పుడు ఏమి వ్రాయుదుమా అని మేము కొంత తటపటాయించినాము. మేము పండితులము కాము. కవులము అంతకన్నా కాము. అక్కచెల్లెళ్ళ బిడ్డలమైన మేమిద్దరము ఒకే వీధిలో పెరిగి, ఒకే బల్లపై కూర్చొని చదివి, నేడు తలలు నెరసినవారము. ఇటీవల కళాశాలకు వచ్చినప్పుడు సైకిలు స్టాండులో ఒక్క సైకిలైనను కనబడలేదు. అన్నియు మోటారు సైకిళ్ళు, స్కూటర్లే. చాలవాటికి అద్దములు విప్పివేయబడి ఉన్నవి. హెల్మెట్టు తగిలించిన బండ్లను వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. అప్పుడే మా వ్యాసమునకు విషయము దొరికినది.

నూజివీడు సీమలో పుట్టినవారికి ఋతువులు తెలియుటకు పంచాంగముతో పని లేదు. చెట్లు పూతకు వచ్చినచో చలికాలము. పిందెలు రాలుచున్నచో ఎండలు ముదురుచున్నవని అర్థము. చిన్నరసముల వాసన వీధిలోనికి వచ్చినచో నడివేసవి. ఆ నడివేసవిలోనే మా ప్రాంతపు రోడ్లకు తీరిక ఉండదు. తోటలనుండి కాయలు నింపుకొన్న ట్రాక్టర్లు, లారీలు హనుమాన్ జంక్షను వైపు, ఆగిరిపల్లి మీదుగా బెజవాడ వైపు రాత్రింబవళ్ళు సాగుచుండును. తోటదారి తారురోడ్డును కలియుచోట కంచెచాటున ఏమి వచ్చుచున్నదో కనబడదు. చక్రములకు అంటుకొని వచ్చిన ఎర్రమట్టి రోడ్డుపై పరచుకొని ఉండును. కాయల మధ్య వేసిన వరిగడ్డి జారి పడును. ఒక వేసవి వాన కురిసినదంటే ఇవన్నియు కలిసి సబ్బువలె జారును.

1987వ సంవత్సరము వేసవిలో మేము మోటారు సైకిలు నేర్చినది ఈ తోటలలోనే. మాకప్పుడు పదునేడేండ్లు. మా మామూ తోటలు గుత్తకు పట్టి కాయల వ్యాపారము చేసేవారు. ఆయనకొక ఎజ్డీ బండి ఉండేది. దానికి కిక్కు కొట్టుటకును గేరు మార్చుటకును ఎడమప్రక్కనున్న కడ్డీ ఒక్కటే. ఆ చిత్రమును చూచియే మేము సగము మురిసిపోయినాము. కాని మొదటి రెండు దినములు ఆయన ఇంజను స్టార్టు చేయనీయలేదు. బండిని చేతులతో తోసుకొని చెట్ల చుట్టూ త్రిప్పమన్నారు.

“బండి బరువెంతో ముందు మీ చేతులకు తెలియాలి బేటా. ఒరిగినప్పుడు పట్టుకోవలసినది ఆ చేతులే కదా” అన్నారు.

మూడవనాడు క్లచ్చి పాఠము. క్లచ్చి పూర్తిగా నొక్కి, మొదటి గేరు వేసి, కొద్దికొద్దిగా వదలుచుండగా బండి కదలబోవు స్థానమొకటి వచ్చును. ఆ స్థానమును వ్రేళ్ళు గుర్తుపట్టువరకు బారెడు దూరము పోవుట, మరల ఆగుట, ఇదే పని. పిమ్మట ఆపు పాఠము. రాలిన కలెక్టరు కాయనొకదానిని దారి మధ్య పెట్టి, ముందు చక్రము దానికి మూరెడు దూరములో ఆగవలెననేవారు. మొదటి దినము మేము నలిపిన కాయలు రెండు డజనులకు తక్కువ ఉండవు. ఊరగాయకైనను పనికిరాకుండ చేసినారని మా అమ్మీ ఆయనపైననే కోపగించినది.

ముందు బ్రేకు ముట్టినచో పల్టీ కొట్టుదురని మా మిత్రులు మమ్ములను భయపెట్టియుండిరి. అది సగము నిజమేనని మామూ చెప్పినారు. బండి ఆగుచున్నప్పుడు బరువంతయు ముందు చక్రముపైకి వచ్చును. కావున నిజముగా ఆపు శక్తి ముందు బ్రేకుదే. అయితే దానిని ఒక్కమారుగా బిగింపరాదు. నిమ్మకాయను పిండినట్లు మెల్లగా ఒత్తిడి పెంచవలెను. హ్యాండిలు తిన్నగా ఉండవలెను. ఇసుకపైన, తడిమట్టిపైన మరింత సున్నితముగా పట్టవలెను. కండ్ల విషయమును ఆయనే చెప్పినారు. గుంతను చూచుచు పోయినవాడు గుంతలోనికే పోవును; పోవలసిన దారిని చూచినవానిని బండి ఆ దారిననే తీసికొనిపోవును.

పదునైదు దినములు గడచిన తరువాత మామూ రెండు ఆంక్షలు పెట్టినారు. నాలుగు నెలలవరకు వెనుక ఎవ్వరినీ ఎక్కించుకొనరాదు. ఇతరుల బండిని ముట్టరాదు. ఈ రెంటిని మేము ఒకే దినమున ఉల్లంఘించినాము.

ఆ దినమున బంధువుల ఇంట పెండ్లి. వాకిట ఒకరి బుల్లెట్టు నిలిపియున్నది. అడిగినాము; ఇచ్చినారు. పదునెనిమిది ఏండ్లు నిండలేదని, లైసెన్సు లేదని వారు అడుగలేదు, మేము చెప్పలేదు. మాలో ఒకరము ముందు, ఒకరము వెనుక ఎక్కి హనుమాన్ జంక్షను రోడ్డు పట్టినాము. అంతకు గడియ ముందే వాన కురిసి వెలిసినది. తోటల పచ్చివాసన, చల్లని గాలి, క్రింద ఆ ఇంజను చప్పుడు! లోకములో మాకన్న అదృష్టవంతులు లేరనిపించినది. రెండు మైళ్ళు పోవుసరికి కంచెచాటునుండి కాయల బుట్టలతో ఒక ట్రాక్టరు మెల్లగా రోడ్డెక్కినది.

ఎజ్డీకి వెనుక బ్రేకు కుడికాలి క్రింద ఉండును. ఆనాటి బుల్లెట్టుకు కుడికాలి క్రింద ఉండినది గేరు; బ్రేకు ఎడమకాలికి. ఇది మాకు తెలియనిది కాదు. బయలుదేరునప్పుడు బుద్ధిగానే జ్ఞాపకముంచుకొన్నాము. కాని భయపడిన క్షణమున కాలు బుద్ధిని అడుగదు. నేర్చిన చోటనే నొక్కును. ఆ బండికి మొదటి గేరు పైకి, మిగిలినవి క్రిందికి. కాబట్టి బ్రేకనుకొని నొక్కినచో బండి ఆగుటకు మారు పై గేరులో పడినది. ఇక మిగిలినది ముందు బ్రేకు ఒక్కటే. దానిని పిడికిలి బిగించి పట్టినాము. ఎర్రమట్టి బురదలో ముందు చక్రము ప్రక్కకు జారినది.

చిక్కములతో కాయలు కోయుచున్న కూలీలు పరుగున వచ్చి మమ్ములను అదే ట్రాక్టరుపై నూజివీడు చేర్చినారు. అక్కడినుండి బెజవాడ. మాలో ఒకరికి మోచేయి విరిగినది. ఇంకొకరికి తలకు దెబ్బ తగిలి రెండు దినములు స్పృహ లేదు. ప్రాణము దక్కినది గాని ఎడమ చెవి వినికిడి దక్కలేదు. ఇద్దరి తలలపైనను హెల్మెట్టు లేదని వేరుగ చెప్పనక్కరలేదు.

హ్యాండిలు పట్టినది ఎవరు, వెనుక కూర్చున్నది ఎవరు అను ప్రశ్న మా ఇండ్లలో చాలకాలము నడచినది. ఇక్కడ దానికి సమాధానము వ్రాయము. నడిపినవారి దోషమెంతయో, “ఇంకొంచెము, ఇంకొంచెము” అని వెనుకనుండి వీపు తట్టినవారి దోషమును అంతయే. కనుకనే మొదటినుండి ‘మేము’ అనియే వ్రాయుచున్నాము. నేటికిని దారిన పోవునప్పుడు మాలో ఒకరము రెండవవారి కుడిప్రక్కనే నడుతుము.

ఆసుపత్రికి వచ్చిన మామూ మమ్ములను తిట్టలేదు. మా అమ్మీలిద్దరి ఎదుట ఆయన అన్న మాట మాకు ఇప్పటికిని వినబడుచున్నది. “తప్పు నాదే. ఇంకొకరి బండి ముట్టవద్దన్నాను గాని, ఎందుకు ముట్టకూడదో చెప్పలేదు.”

ఆ మాటలో ఎంత నిజమున్నదో పెద్దయిన తరువాత తెలిసినది. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన హ్యారీ హర్ట్ అను పరిశోధకుని బృందము లాస్ ఏంజెల్స్ ప్రాంతములో సుమారు 900 మోటారు సైకిలు ప్రమాదములను పరిశీలించి 1981లో నివేదిక ప్రకటించినది. ప్రమాదమునకు గురియైనవారిలో నూటికి 92 మంది తమంతట తామో, ఇంటివారి వద్దనో, మిత్రుల వద్దనో నేర్చినవారు. సగమునకు మించినవారికి తాము పడిన ఆ బండిపై ఐదు నెలల అనుభవమైనను లేదు. మా మామూ నాలుగు నెలలన్నది ఏ నివేదికనో చదివి కాదు, అనుభవముచేతనే.

నేటి బండ్లలో గేరు ఎడమకాలికే ఉండును కనుక ఈ ముప్పు తీరినదని తలపకుడు. గేరులేని స్కూటరుపై నేర్చినవారికి ఎడమచేతి మీట బ్రేకు. మోటారు సైకిలుపై అదే మీట క్లచ్చి. స్కూటరు అలవాటుతో దానిని నొక్కినవారికి బండి ఆగదు. ఇంజను పట్టు వదలి ఇంకను సులువుగా దొరలును. క్రొత్త బండి ఎక్కిన ప్రతివారును మరల మొదటి తరగతి విద్యార్థులేనని గ్రహింపుడు.

వెనుక ఎవ్వరినీ ఎక్కించుకొనరాదనుటకు కారణము చెప్పెదము. వెనుక మనిషి ఉన్నచో బండి బరువు మారును, మలుపులో తూగు మారును, ఆగు దూరము పెరుగును. అంతకంటె, వెనుకనుండి ఒక గొంతు మనలను తొందరపెట్టును. వేగము వలదనుటకు కారణము గణితములోనున్నది. గంటకు 40 కిలోమీటర్ల వేగమున బండి సెకనుకు 11 మీటర్లు పోవును. ప్రమాదమును చూచి చేయి బ్రేకును చేరుటకు ఒక్క సెకను పట్టినను ఆ 11 మీటర్లు చేజారినట్లే. బ్రేకు పని ఆ తరువాతనే మొదలగును. వేగము రెట్టింపైనచో బ్రేకు పట్టిన పిదప పోవు దూరము నాలుగు రెట్లగును. తోటదారి కలియుచోట ఈ లెక్క సరిచూచుకొనుటకు వ్యవధి ఉండదు.

ఇక హెల్మెట్టు. అరేబియా లారెన్సుగా పేరొందిన ఆంగ్లేయుడు 1935లో సైకిళ్ళపైనున్న ఇద్దరు బాలురను తప్పించబోయి మోటారు సైకిలుపైనుండి పడి మరణించినాడు. ఆయనకు చికిత్స చేసినవారిలో హ్యూ కెయిర్న్స్ అను మెదడు శస్త్రవైద్యుడొకడు. ఆ మరణము అతని మనస్సును వదలలేదు. సైనికుల తలగాయములను పరిశీలించి, హెల్మెట్టు ఆవశ్యకతను గూర్చి 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నలులో వ్యాసము వ్రాసినాడు. శాస్త్రము ఈ సంగతి తేల్చి ఎనిమిది దశాబ్దములు దాటినను, కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారము 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో మరణించిన 1,68,491 మందిలో 50,029 మంది హెల్మెట్టు లేనివారు. వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. హెల్మెట్టు పెట్టుకొని గడ్డము క్రింది పట్టీ బిగింపనివారు పెట్టుకొననివారితో సమానులే. పడిన క్షణముననే అది తల విడిచి పోవును.

చట్టము కూడ మా కాలమువలె లేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము గేరు బండికి పదునెనిమిదేండ్లు నిండవలెను. లెర్నరు లైసెన్సు ఆరు నెలలు చెల్లును; ముప్పది దినములు అభ్యాసము చేసిన పిదపనే పరీక్ష. 2019 సవరణ ననుసరించి, ఈడు రాని పిల్లలు బండి నడిపి నేరము చేసినచో తల్లిదండ్రులకు లేక బండి యజమానికి 25,000 రూపాయల జరిమానాయు, మూడేండ్లవరకు జైలుశిక్షయు విధింపవచ్చును. ఆనాడు మాకు బుల్లెట్టు ఇచ్చిన బంధువు మంచివాడే; అడిగినవానికి లేదనలేనివాడు. అట్టి మంచితనము ఎంతటి కీడు చేయునో మేము చూచినాము.

సోదరీమణులకొక మాట. చున్నీ, బురఖా, చీరచెంగు వెనుక చక్రములో చుట్టుకొనకుండ ముందుగానే సవరించుకొనుడు. చక్రమునకు రక్షణగా అమర్చిన కడ్డీలను అందమునకై తీసివేయనీయకుడు.

కళాశాల కమిటీ పెద్దలకు వినయపూర్వకమైన మనవి. ‘హెల్మెట్టు తప్పనిసరి’ అని నోటీసు బోర్డుపై అంటించినచో అది ఆంక్ష మాత్రమే అగును. పదునేడేండ్లవాడు ఆంక్షను దాటును. కారణము తెలిసినచో కొంత ఆగును. ప్రతి సంవత్సరము తరగతులు మొదలైన పిదప లైసెన్సుకు ఈడు వచ్చినవారికి నాలుగు ఆదివారములు ఆటస్థలమును ఇప్పించి, అనుభవజ్ఞుల ఎదుట బండి తోయుట, కదలించుట, ఆపుట నేర్పింపగోరుచున్నాము. సైకిలు స్టాండులో హెల్మెట్లు తగిలించుకొనుటకు కొక్కెములు వేయింపగోరుచున్నాము.

మామూ నేడు లేరు. ఆయన చెప్పక మిగిల్చిన కారణములను చెప్పు భారము మాపైన పడినది. ఆ నాలుగు ఆదివారములు మేమిద్దరము వచ్చి ఎండలో నిలబడగలము. నలుగబోవు మామిడికాయల ఖర్చు కూడ మాదే.