గోదాలో ఆడపిల్ల

వేసవి వచ్చేసరికి మా తుని ప్రక్కనున్న తాండవ నదిలో నీటికంటె ఇసుకయే ఎక్కువగా కనిపిస్తుంది. ఇవతలి గట్టున తుని, అవతలి గట్టున పాయకరావుపేట. ఆ ఇసుకలోనే మేము ముగ్గురము బాల్యమున కుస్తీ నేర్చుకున్నాము. మాలో ఇద్దరము తెలుగు చదివినవారము, ఒకరు ఉర్దూ చదివినవారు. నేర్పిన గురువుగారు మాత్రము ముగ్గురికీ ఒక్కరే. ఆయనను వస్తాదుగారు అనేవారము. 'ఉస్తాద్' అన్న ఉర్దూ మాటయే మన నోట వస్తాదు అయినదని, కుస్తీ అన్న పదము పారసీకమునుండి నడిచి వచ్చినదని మాకు చాలకాలము తెలియదు. ఈ పత్రికలో ఉర్దూ పుటలు కుడివైపునుండి, తెలుగు పుటలు ఎడమవైపునుండి బయలుదేరి నడుమ కలుసుకుంటాయి గదా. గోదాలో ఆ కలయిక ఏనాడో జరిగిపోయినది.

ఆ పాత పరిచయమును పురస్కరించుకొని, కొంతకాలము క్రిందట పట్టణములోని ఒక ఉన్నత పాఠశాలవారు తమ వార్షిక క్రీడలలో కుస్తీ పోటీలకు మమ్ములను న్యాయనిర్ణేతలుగా పిలిచినారు. అక్కడ మేము చేసిన పని ఒకటి ముల్లువలె మనస్సులో మిగిలిపోయినది. దానిని దాచకుండ చెప్పుకొనుటకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ప్రకటనలో 'విద్యార్థులకు కుస్తీ పోటీలు' అని మాత్రమే ఉన్నది. బాలురకు అని ఎవరూ వ్రాయలేదు. వ్రాయవలసిన అవసరమున్నదని ఎవరికీ తోచలేదు. తూకము వేసే బల్లవద్ద బాలుర వరుసలో, తొమ్మిదవ తరగతి చదివే ఒక బాలిక నిలబడియున్నది. పొడుగు చేతుల చొక్కా, దానిపై ఆటల బనీను, మడమలవరకు పైజామా, తలకు బిగించి కట్టిన గుడ్డ. ప్రక్కన ఆమె తాతగారు. ఆయన మా వస్తాదుగారి శిష్యులలో మాకంటె చాల ముందువారు. ఆయనను చూడగానే ముగ్గురమూ లేచి నిలబడినాము. పిల్ల 43 కిలోలు తూగినది. ఆ తూకములో మరి ముగ్గురు బాలురు ఉన్నారు. పేరు వ్రాసుకున్నాము. వ్రాసుకునేటప్పుడు మాకు ఏ సందేహమూ కలుగలేదని చెబితే అబద్ధమవుతుంది. ఎవరో ఒకరు చివరకు సర్దుతారులే అనుకున్నాము.

మొదటి పట్టుకు పిలిచినాము. ఎదుటి బాలుడు గోదాలోకి వచ్చి, చేతికి ఇసుక రాసుకొని, ఒకసారి తన తరగతి పిల్లలవైపు చూసినాడు. అక్కడ ఎవరో ఈల వేసినారు. వాడు చేతులలోని ఇసుక దులిపివేసి, "ఆడపిల్లతో పట్టనండి" అని వెనుదిరిగినాడు. వాని వెంట వచ్చిన పెద్దమనిషి ఒకరు, భీష్ముడంతటివాడే శిఖండిపై విల్లెత్తనన్నాడు గదా అని సమర్థించినారు. ఆ సమయమున మేము తల ఊపినాము గాని, తర్వాత ఆలోచిస్తే ఆ కథలో శిఖండిని అడిగినవారు ఎవరూ కనిపించరు. ఒకరు విల్లు దించినారు, మరొకరు ఆ చాటునుండి బాణములు వేసినారు. యుద్ధమునకు వచ్చినది శిఖండి అన్న సంగతి ఇద్దరికీ పట్టలేదు.

బాలిక గెలిచినట్లు ప్రకటించినాము. చప్పట్లు వినిపించలేదు.

ఇక ఆఖరి పట్టు. ఆ బాలుడు తన పట్టు న్యాయముగా గెలిచి వచ్చినవాడు. మేము పిలువకముందే బల్లవద్దకు వచ్చి, "నేను పడతానండి. ఆ అమ్మాయి ప్రొద్దుట దండీలు తీస్తుంటే చూశాను. తేలికగా పోయే మనిషి కాదు" అన్నాడు. ఆ మాటలో పరిహాసము లేదు. కాని ఇంతలో పందిరి వెనుకనుండి ఇద్దరు ముగ్గురు పెద్దలు వచ్చి, ఊళ్లో లేనిపోని మాట వస్తుందేమో చూచుకొమ్మన్నారు. మేము ముగ్గురము తలలు దగ్గర పెట్టి అర నిమిషము మాట్లాడుకున్నాము. పట్టు జరుపకుండ, ఇద్దరినీ ఉమ్మడి విజేతలుగా ప్రకటించినాము. పిల్లకు దెబ్బ తగలకుండ కాపాడినామని మాకు మేమే చెప్పుకున్నాము.

ఆమె ప్రశంసాపత్రము అందుకొని, "నేను గెలిచానా, ఓడానా సార్?" అని అడిగినది.

"ఇద్దరూ గెలిచారమ్మా."

"పట్టకుండానేనా?"

మాలో ఎవరమూ జవాబు చెప్పలేదు. ఆమె ఆ కాగితమును బల్లపై పెట్టి, గాలికి ఎగరకుండ పైన తూకపు రాయి ఒకటి ఉంచి వెళ్లిపోయినది. తాతగారు ఏమియు అనలేదు. మామూలుగా సలాము చేసి వెళ్లినారు. ఆ సలాము తిట్టుకంటె గట్టిగా తగిలినది.

ఆ రాత్రి మాలో ఉర్దూ చదివినవారు హమీదా బానూ సంగతి ఎత్తినారు. 2024 మే 4న గూగుల్ సంస్థవారు తమ ముఖపత్రముపై ఆమె చిత్రమును ఉంచినప్పుడు మన విద్యార్థులలో కొందరు ఆ పేరు విని ఉండవచ్చును. మీర్జాపూరునుండి అలీగఢ్‌కు వెళ్లి సలాం పహిల్వాను వద్ద కుస్తీ నేర్చిన స్త్రీ ఆమె. 5 అడుగుల 3 అంగుళముల ఎత్తు, 108 కిలోల బరువు. రోజుకు అయిదు లీటర్లకు పైగా పాలు త్రాగేదని, ఆరు గంటలు సాధన చేసేదని ఆనాటి పత్రికలు వ్రాసినవి. (మా వస్తాదుగారు మాకు చెప్పిన తిండి లెక్కలో సగము కూడ మా ఇళ్లలో గడవలేదు, అది వేరే సంగతి.) ఆ కాలమున మల్లయుద్ధములో స్త్రీలు లేరు గనుక ఆమె పురుషులతోనే తలపడినది. తనను ఓడించినవానిని పెళ్లాడతానని సవాలు విసిరినది. మన ప్రమీల కథలో రాణి అర్జునుని పెళ్లాడి కథ ముగించినది. హమీదా కథ అట్లు ముగియలేదు. 1954 మేలో బరోడాలో బాబా పహిల్వాను అనే మల్లుని 1 నిమిషము 34 సెకండ్లలో చిత్తు చేసినది. అంతకుముందు ఆ పట్టుకు రావలసినవాడు చోటా గామా పహిల్వాను. స్త్రీతో పట్టనని అతడు ఆఖరు ఘడియలో తప్పుకున్నాడు. అదే సంవత్సరము బొంబాయిలో వీరా చిస్తిలిన్ అనే రష్యను మల్లురాలిని నిమిషములోపల ఓడించినది.

ఇంత చేసిన ఆమెకు దక్కినదేమి? కొల్హాపూరులో ఒక పురుషుని ఓడించినందుకు ప్రేక్షకులు రాళ్లు రువ్వినారు. పూనాలో స్థానిక మల్లసంఘమువారి అభ్యంతరముతో పట్టు రద్దయినది. మరొకసారి పోటీని నిషేధిస్తే ఆమె నాటి బొంబాయి ముఖ్యమంత్రి మొరార్జీ దేశాయిగారికి మొరపెట్టుకున్నది. నిషేధము ఆమె స్త్రీ అయినందుకు కాదని, నిర్వాహకులు ఉత్తుత్తి మల్లులను ఆమెపైకి దింపుతున్నారని ఫిర్యాదులు వచ్చినందున అని జవాబు వచ్చినది. ఆ ఆరోపణలో నిజము ఎంతో తేల్చుట మా పని కాదు. కాని ఈ లెక్కను పాఠకులు గమనింపవలెను. ఆమెతో పట్టి ఓడినవాడు నకిలీ, పట్టకుండ తప్పుకున్నవాడు మర్యాదస్థుడు. ఏ విధముగ చూచినను ఆమె బలము ఏ పద్దులోనూ జమ కాలేదు. మేము ఆ పిల్ల చేతిలో పెట్టిన ప్రశంసాపత్రము కూడ అటువంటి జమయే. చివరకు ఆమె కళ్యాణ్‌లో పాలు అమ్ముకొని జీవించి 1986లో కన్నుమూసినది.

ఇది మన దేశమునకే పరిమితమైన చిక్కు కాదు. అమెరికాలో ఉన్నత పాఠశాలల కుస్తీ పెద్ద క్రీడ. బాలికల జట్లు లేనిచోట బాలికలు బాలుర జట్టులోనే చేరి పట్టుతూ వచ్చినారు. 2006లో అలాస్కాలో మైఖేలా హచిసన్ బాలురందరినీ దాటి రాష్ట్ర విజేత అయినది. 2011లో ఐయోవా రాష్ట్రపు పోటీలలో 14 ఏండ్ల బాలికకు ఎదురుపడిన బాలుడు, తన మతవిశ్వాసము ఆడపిల్లతో ఇట్లు తలపడుటకు ఒప్పుకొనదని వినయముగా తప్పుకున్నాడు. ఆ పోటీల చరిత్రలో ఒక బాలికకు వచ్చిన తొలి గెలుపు అదే, ఆ గెలుపు పట్టకుండ వచ్చినది! మరుసటి పట్టులో ఆమె ఓడినది. ఆ ఓటమియే ఆమె స్వార్జితమని మాకు తోస్తుంది.

ఆ బాలుని మనస్సాక్షిని మేము తక్కువ చేయము. స్త్రీ పురుషుల స్పర్శ విషయమున మన ఇళ్లలో, హిందువుల ఇంట నేమి, ముస్లిముల ఇంట నేమి, పట్టింపులు ఉన్నవి. వాటిని ఎగతాళి చేయదలచుకోలేదు. కాని అతడు తన నమ్మకమునకు వెల తానే చెల్లించినాడు. గెలువగలిగిన పతకమును వదలుకున్నాడు. మా గోదాలో వెనుదిరిగిన బాలుడు కూడ తన వంతు పోగొట్టుకున్నాడు. మేము ముగ్గురము ఏమి పోగొట్టుకున్నాము? మా మర్యాదకు అయిన ఖర్చంతా ఆ పిల్ల ఖాతాలో వ్రాసినాము.

బలము మాట కూడ దాచరాదు. పది పన్నెండేండ్ల వరకు ఆడపిల్లకు మగపిల్లవానికి బలములో పెద్ద తేడా ఉండదు. యౌవనము రాగానే మగవాని భుజములలో, చేతులలో కండ వేగముగ పెరుగుతుంది. అందువలన తూకము సమానమైనంత మాత్రమున బలము సమానము కాదు. అందుకనే ప్రపంచ పోటీలలో 1987 నుండి స్త్రీలకు వేరుగా కుస్తీ పెట్టినారు. 2004 ఏథెన్సు ఒలింపిక్సులో అది చేరినది. అమెరికాలో హవాయి రాష్ట్రము 1998లోనే బాలికలకు వేరు పోటీలు నడిపినది; పైన చెప్పిన ఐయోవాలో కూడ నేడు అవి వేరుగా జరుగుతున్నవి. బాలికలకు బాలికలే జోడు కావలెననుటలో మాకు భేదాభిప్రాయము లేదు. అయితే ఆ జోడు ఎక్కడనుండి రావలెను? మొదట వచ్చిన ఒక్క పిల్లను ఇంటికి పంపివేస్తే రెండవ పిల్ల ఎన్నడు వస్తుంది? హర్యానాలోని బలాలీ గ్రామములో మహావీర్ సింగ్ ఫోగాట్ తన కుమార్తెలను ఊరివారు నొచ్చుకొన్నను మగపిల్లలతోనే పట్టించినాడు. వారిలో గీత 2010 ఢిల్లీ కామన్‌వెల్తు క్రీడలలో స్వర్ణము గెలిచినది.

అంతదూరము పోనక్కరలేదు. నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ ముష్టియుద్ధము నేర్చుకొనుటకు వెళ్లిననాడు ఆ వ్యాయామశాలలో మరొక ఆడపిల్ల లేదు. మగపిల్లలతోనే తలపడినది. ముక్కునుండి రక్తము కారుతూ, కన్ను వాచి ఇంటికి వస్తే, ఇక ఈ పిల్లను ఎవరు చేసుకుంటారని తల్లి ఏడ్చినది. తండ్రి జమీల్ అహ్మదుగారు మాన్పించలేదు. తర్వాత ఆమె మనకు దాపుననే ఉన్న విశాఖపట్నములో ఐ. వెంకటేశ్వరరావుగారి వద్ద శిక్షణ పొందినది. 2022లో ఇస్తాంబులులోను, 2023లో ఢిల్లీలోను ప్రపంచ విజేత అయినది. ఆమె మొదటినాళ్లలో మావంటి న్యాయనిర్ణేతలు ముగ్గురు ఆ వ్యాయామశాల గుమ్మములో లేకపోవుట ఆమె అదృష్టము.

ఈ మాటలన్నీ మాలో మేము అనుకొని ఊరకుండలేకపోయినాము. ఒక ఆదివారము తాతగారింటికి వెళ్లినాము. తప్పయినదని చెప్పుటకు మాటలు కూడగట్టుకుంటుండగా, "ముందు చాయ్ తాగండి" అని ఆయనే మాట తప్పించినారు. లోపలనుండి పిల్ల వచ్చినది. నీకు ఇష్టమైతే ఆ పట్టు ఇప్పుడైన జరిపిస్తామన్నాము. ఆమె మావైపు కాక తాతగారివైపు చూసి, "దాదా, ఆ అబ్బాయి వస్తాడా?" అని అడిగినది. వానిని అడిగినాము, వస్తానన్నాడు. వాని తల్లిగారిని కూడ అడిగినాము. ఆమె ఒప్పుకొని, చూడవలెనని తానే వచ్చినది.

తాండవ ఇసుకలో, మేము నేర్చుకున్నచోటనే, ఎండ ఎక్కకముందు పట్టు జరిగినది. తాతగారే నిర్ణేత. రెండు నిమిషములు కూడ కాకముందే పిల్ల చిత్తయినది. లేచి, వీపున ఇసుక దులుపుకొని, "కాలు ఎప్పుడు అందుకున్నావు? నాకు తెలియనే లేదు" అన్నది. వాడు వంగి, నెమ్మదిగా, ఎడమచేయి ఎక్కడ ఉండవలెనో చూపించినాడు. రెండవసారి కూడ ఆమెయే ఓడినది గాని, వానికి చెమట పట్టినది. మూడవసారి ఆమె వానిని మోకాళ్లమీదకు దింపినది. అంతకుమించి సాగలేదు. వాని తల్లిగారు తెచ్చిన మజ్జిగ అందరమూ త్రాగినాము.

మన కళాశాల ఆవరణలో వచ్చే క్రీడలకు కుస్తీ చేర్చవలెనని ఆలోచన ఉన్నట్లు విన్నాము. కమిటీవారికి మా మనవి ఇది. ప్రకటనలో బాలికలకు వేరుగా తూకములు చూపవలెను. తూకము వేయుటకు ఒక ఉపాధ్యాయిని కూర్చొనవలెను. బాలిక ఒక్కతెయే వచ్చిన పక్షమున, పట్టు జరుగవలెనా వద్దా అన్నది ఆమెను, ఎదుటి బాలుని, ఇరువురి ఇంటివారిని ముందుగానే అడిగి తెలిసికొనవలెను గాని, పందిరి వెనుకనున్నవారిని అడుగరాదు. గోదాకు తాండవ ఇసుక జల్లెడ పట్టించి తోలించే ఖర్చు మేము ముగ్గురము భరిస్తాము.