మందు రాయని చీటీ

తలస్నానం అంటే చాలు, ఇల్లు పీకి పందిరేసే తొమ్మిదేళ్ల బాబును నా దగ్గరికి తీసుకొచ్చిందావిడ. ఫాస్టర్ కేర్ కింద వాణ్ణి ఇంటికి తెచ్చుకున్న తల్లి.

"డాక్టరు గారూ, వీడి మొండితనానికి మందేమైనా రాయండి. అన్నం మూటకట్టి దిండు కింద దాస్తాడు. రాత్రిళ్లు నిద్రపోడు" అంది. వాడు ఆమె వెనక నిలబడి చొక్కా కాలరు కొరుకుతున్నాడు.

పరీక్షల్లో ఏ లోపమూ లేదు. కన్నవాళ్లింట్లో తిన్న దెబ్బలు, పడుకున్న పస్తులు మాత్రం కాగితాల్లో ఉన్నాయి. మందు రాయలేదు. ఆక్యుపేషనల్ థెరపిస్టు దగ్గరికి పంపాను.

ఆ థెరపిస్టు చెంబు వాడి చేతికే ఇప్పించింది. మొదట తడి తువ్వాలుతో కాళ్లు, చేతులు, ఆ తర్వాత భుజాలు. తల ఆఖరున, అదీ వాడు సరేనన్నాకే. తిండి దాస్తే తిట్టొద్దంది. మూత డబ్బాలో పల్లీపట్టీలు వేసి మంచం పక్కనే ఉంచమంది. చపాతీపిండి పిసకడం వాడి పని. ఒంట్లో గూడుకట్టిన భయం కౌన్సెలింగు మాటలకు మాత్రమే లొంగదు, ఇలాంటి రోజువారీ పనులూ కావాలి. కొన్ని నెలలకు స్నానం గొడవ సద్దుమణిగింది. నిద్ర ఇంకా కుదురుకోవాలి.

ఆ తల్లి బస్సు ఛార్జీలు పెట్టుకుని, పని మానుకుని తిరిగింది కాబట్టి సరిపోయింది. బాలల హోముల్లో ఉన్న పిల్లల కోసం ఎవరు తిరుగుతారు? 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) బృందాలు బడులకొచ్చి పిల్లల్ని చూస్తాయి. పుట్టుకతో వచ్చిన లోపాలు, జబ్బులు, పోషకాహార లోపాలు, ఎదుగుదలలో ఆలస్యం వెతుకుతాయి. మంచి పనే. కానీ దెబ్బతిన్న మనసుతో బెంచీ మీద కూర్చున్న పిల్లాడు ఆ జల్లెడలో చిక్కడం కష్టం. బడిలో వాడి పేరు అల్లరివాడనే.

హోములో పెరిగిన పదిహేడేళ్ల అమ్మాయినీ చూశాను. ఒంటరిగా బస్సెక్కలేదు. ఎవరైనా గొంతు పెంచితే చేతిలో ఉన్నది జారవిడుస్తుంది. పద్దెనిమిది నిండాక ఆమె తన వంట, తన డబ్బు, తన ఉద్యోగం చూసుకోవాలి. హోము వదిలాక అందే ఆఫ్టర్‌కేర్ సాయం ఉన్నా, ఈ సాధన పన్నెండో ఏటే మొదలుపెట్టాల్సింది.

2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద ప్రతి బిడ్డకూ వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక రాయాలి. బాలల సంక్షేమ సమితి సభ్యులకు నా విన్నపం ఒక్కటే: ఆక్యుపేషనల్ థెరపీ పరీక్షను ఆ ప్రణాళికలో మొదటి నెలలోనే చేర్చండి. పిల్లల్ని తిప్పే బదులు థెరపిస్టునే హోముకు రప్పించండి. ఫాస్టర్ కుటుంబానికైతే దారి ఖర్చు ఇప్పించండి.