బాపు పక్కన మైకు

మా తమ్ముడి రిసెప్షన్‌కు ఫంక్షన్ హాలు, వంటవాళ్లు, డెకరేషన్, ఫొటోగ్రాఫర్ అన్నీ తొందరగానే కుదిరాయి. యాంకర్ మాత్రం కుదరలేదు. నిజామాబాద్‌లో గానీ మా బోధన్‌లో గానీ మైకు పట్టి గలగలా మాట్లాడే పిల్లలకు కొదవ లేదు. మాకు కావలసింది మా బాపు పక్కన నిలబడగలిగే మనిషి.

బాపు నిజాం షుగర్ ఫ్యాక్టరీలో కాటా దగ్గర పనిచేశాడు. 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక ఈ నేలకు చెరకు వచ్చింది. 1937లో వెలిసిన ఫ్యాక్టరీని పట్టుకుని శక్కర్‌నగర్ వచ్చింది. నా చిన్నప్పుడు సీజన్ మొదలైతే వర్ని, కోటగిరి, రుద్రూరు వైపు నుంచి వచ్చిన చెరకు బండ్లు రోడ్డు పొడుగునా బారులు తీరేవి. వరుస ప్రకారం రైతును పేరు పెట్టి పిలిచి కాటా మీదికి రప్పించడం బాపు పని. క్యాంపులని పిలిచే ఊళ్లలో ఉండే ఆంధ్రా రైతులతో వాళ్ల యాసలో, మన ముస్లింలతో ఉర్దూలో, మంజీర అవతలి నుంచి వచ్చిన వాళ్లతో మరాఠీలో మాట్లాడేవాడు. అర్ధరాత్రి కూడా ఆ గొంతు బొంగురుపోయేది కాదు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడేనాటికి ఆయన రిటైరై ఉన్నాడు. అయినా మాకు తెలిసిన ఇళ్లలో ఏ పెళ్లి జరిగినా కట్నాలు చదివేది ఆయనే. యాభై రూపాయలిచ్చిన వాళ్ల పేరును వెయ్యినూటపదహార్లు ఇచ్చిన వాళ్ల పేరంత నిండుగా చదివేవాడు. మైకు పట్టుకునే వాడి మర్యాద ఏమిటో నేను అక్కడే నేర్చుకున్నాను.

ఎండాకాలంలో ఒక పొద్దున బాపు మంచం మీద నుంచి లేవలేకపోయాడు. మూతి ఎడమ పక్కకు పోయింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నిజామాబాద్ ఖలీల్‌వాడిలోని ఆసుపత్రికి తీసుకుపోయాం. స్కానింగ్ చేసి, మెదడు ఎడమ భాగంలో రక్తనాళం మూసుకుపోయిందన్నారు. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను లక్షణాలు కనిపించిన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలట. ఈయనకు నిద్రలో వచ్చింది, ఎప్పుడు వచ్చిందో చెప్పేవాళ్లెవరు? ప్రాణం నిలిచింది. నెలలు గడిచాక చేతికర్ర పట్టుకుని అడుగులు వేశాడు. మాట మాత్రం రాలేదు. దీన్ని అఫేజియా అంటారని స్పీచ్ థెరపిస్టు చెప్పింది. మనం అనేది దాదాపు అంతా అర్థమవుతుంది. లోపల అనుకున్నది నోటికి రాదు. ఒకటి, రెండు, మూడు అని మేం మొదలుపెడితే ఇరవై దాకా మాతో పాటు లెక్కపెట్టేవాడు. నీళ్లు కావాలంటే నీళ్లు అనలేడు.

నోట్లో నిలిచిన మాట ఒక్కటే, ‘అవు మల్ల’. ఆకలైనా, నొప్పైనా, వద్దన్నా, కావాలన్నా అదే వచ్చేది. ఇలా ఏదో ఒక మాట పట్టుకుపోయి పదేపదే రావడం ఈ జబ్బులో ఉన్నదేనట. వద్దు అనడానికి ఎడమ చెయ్యి అడ్డంగా ఊపేవాడు. ఇంట్లో మేం నోరు వినడం మానేసి చెయ్యి చూడడం అలవాటు చేసుకున్నాం.

కార్తీకంలో తమ్ముడి నిశ్చితార్థం అయింది. పిల్లది బిలోలి, సాలూర దాటి మంజీర బ్రిడ్జి అవతల. తెలుగువాళ్లే, మూడు తరాలుగా అక్కడ ఉన్నారు. ఒక ఈవెంట్ కంపెనీ వాళ్లు స్టేజీతో పాటు యాంకర్‌ను కూడా పంపారు. హుషారైన అబ్బాయి. అందరినీ నవ్విస్తూ నవ్విస్తూ బాపు దగ్గరికి వచ్చి మైకు మూతి దగ్గర పెట్టాడు.

“అంకుల్, కోడలు నచ్చిందా?”

“అవు మల్ల.”

చప్పట్లు కొట్టారు.

“కట్నం కూడా నచ్చిందా అంకుల్?”

“అవు మల్ల.”

హాలంతా నవ్వింది. “అయితే ఇంకొంచెం అడుగుదామా?” అన్నాడు ఆ అబ్బాయి. బాపు ఎడమ చెయ్యి గట్టిగా అడ్డంగా ఊపుతున్నాడు. నోటి నుంచి మాత్రం మళ్లీ అదే మాట వచ్చింది, మైకులో అందరికీ వినబడింది. మేము కట్నం అడగలేదు. అడగొద్దని మంచం మీద నుంచే సైగలతో గట్టిగా చెప్పిన మనిషి బాపు. ఎదురుగా వియ్యంకుడు తల దించుకున్నాడు. బాపు లేవబోయాడు, కాలు నిలవలేదు. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. గడ్డం మీదికి జారిన చొంగను అమ్మ కొంగుతో తుడిచింది. దాన్ని ఎవరో ఫోన్లో తీశారు. రాత్రికల్లా చుట్టాల వాట్సాప్ గ్రూపులో తిరిగింది.

మర్నాడే వియ్యంకుడు వచ్చి బాపు చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఆ ఇంటితో ఏ చిక్కూ రాలేదు. చిక్కు బాపుతోనే వచ్చింది. లోపలి అర్రలో నుంచి బయటికి రావడం మానేశాడు. థెరపిస్టు వస్తే గోడ వైపు తిరిగి పడుకునేవాడు. లెక్కపెట్టడం కూడా ఆపేశాడు. బీపీ గోలీలు బుగ్గన పెట్టుకుని, మేం అటు పోగానే ఉమ్మేసేవాడు. మళ్లీ స్ట్రోక్ వస్తుందేమోనని అమ్మ రాత్రుళ్లు ఆయన మంచం పక్కన నేల మీద పడుకునేది. పక్షవాతం వచ్చిన రోజులకంటే ఆ చలికాలమే మాకు కష్టంగా గడిచింది. అప్పుడు డాక్టర్లు ఏం చేయాలో చెప్పారు. దీనికి చెప్పేవాళ్లు లేరు.

రిసెప్షన్ మాట తీస్తే చెయ్యి అడ్డంగా ఊపాడు. “బాపు రాకుంటే నాకు రిసెప్షనే వద్దక్కా” అన్నాడు తమ్ముడు. అమ్మ మాత్రం పట్టుబట్టింది. “ఫ్యాక్టరీల ముప్పై ఏండ్లు అందరిని పేరు పెట్టి పిలిచిన మనిషి. కొడుకు దావత్‌కు అర్రల దాసి పెడ్తమా? వస్తడు. ముందుగాల మైకు పట్టేటోన్ని సరిగ్గ చూడు బిడ్డా.” ఆ పని నా మీద పడింది.

హైదరాబాద్‌లో ఉండే ఒక యాంకర్ అమ్మాయితో ఫోన్లో మాట్లాడాను. మంచి గొంతు. సంగతంతా చెబితే, “మీరు టెన్షన్ పడకండి మేడమ్, ఎనర్జీ నేను చూసుకుంటా” అంది. నాకు ఆ ఎనర్జీ అంటేనే భయం పట్టుకుంది. నిజామాబాద్‌లో లోకల్ కేబుల్‌లో వార్తలు చదివే ఒకాయనను కలిశాను. భాష శుద్ధంగా ఉంది, ఓపిగ్గా విన్నాడు. ఒకసారి ఇంటికి వచ్చి బాపును చూడమంటే “స్టేజి మీద చూసుకుందాం లెండి” అన్నాడు. మా బావ, నేనుండగా బయటివాళ్లెందుకు అన్నాడు. ఆయన మనసు మంచిది, కానీ మైకు చేతికొస్తే పరాచికాలు ఆగవు. వద్దని చెప్పినందుకు అక్కాబావలు మాతో చాలా రోజులు మాట్లాడలేదు. ఇలాంటి పనిలో ఎవరికో ఒకరికి మనసు నొవ్వక తప్పదు. ఎవరికి నొవ్వకూడదో ముందే తేల్చుకోవాలి. నేను బాపును తేల్చుకున్నాను.

చివరికి దొరికిన అబ్బాయిది శక్కర్‌నగరే. వాళ్ల నాన్న మిల్ హౌస్‌లో చేశాడు. ఒక ప్రైవేటు స్కూల్లో ఉర్దూ చెబుతాడు, స్కూలు ఫంక్షన్లకు, వలీమాలకు మైకు పడతాడు. ఒక సార్ రిటైర్మెంట్ సభలో అతన్ని చూశాను. ఆ సార్ మాట్లాడుతూ మాట్లాడుతూ గొంతు పూడుకుపోయి ఆగిపోయాడు. హాలు నిశ్శబ్దమైంది. యాంకర్లు సాధారణంగా అక్కడ చప్పట్లు కొట్టించేస్తారు. ఈ అబ్బాయి చేతులు కట్టుకుని అలాగే నిలబడ్డాడు, సార్ తేరుకుని మళ్లీ మొదలుపెట్టేదాకా. అది చూసే అతన్ని అడిగాను. అతను నన్ను అడిగిన మొదటి ప్రశ్న, “చాచాకు ఏ పక్క నిలబడాలె అక్కా?”

ఇంటికి వచ్చాడు. మొదటి రోజు బాపు అటు తిరిగే ఉన్నాడు. అబ్బాయి మంచానికి ఎడమ పక్కన కుర్చీ వేసుకుని చాయ్ తాగి, సలాం చేసి వెళ్లిపోయాడు. మళ్లీ వచ్చాడు. వాళ్ల నాన్న పాత ఫొటో తెచ్చి చూపించాడు, మిల్ హౌస్ ముందు వరుసగా నిలబడ్డ కార్మికులు. బాపు ఒక్కొక్క మొహం మీద వేలు పెట్టాడు. అబ్బాయి పేరు అడిగేవాడు కాదు, తనే చెప్పేవాడు, బాపు చెయ్యి చూసి సరైనదో కాదో తెలుసుకునేవాడు. అలా చేస్తూనే పిలవాల్సిన పాత దోస్తుల లిస్టు తయారైంది.

బాపు జబ్బు సంగతి మైకులో ముందే చెప్పాలా వద్దా అన్న దగ్గర ఇంట్లో గొడవైంది. చెబితే ఎవరూ వేళాకోళం చెయ్యరని తమ్ముడు. అందరూ పాపం అంటారు, ఆ చూపు వద్దని అమ్మ. నేను ఎటూ తేల్చలేకపోయాను. అబ్బాయి రెండు కాగితాలు తీసి ఒకదాని మీద ‘చెప్పు’, ఇంకోదాని మీద ‘వద్దు’ అని పెద్ద అక్షరాలతో రాసి దుప్పటి మీద పెట్టాడు. “చాచా, స్టేజి మీద నీ తబియత్ సంగతి చెప్పాల్నా?” అని నింపాదిగా అడిగి ఊరుకున్నాడు. బాపు చాలాసేపు చూశాడు. ఎడమ చెయ్యి ‘వద్దు’ మీద పెట్టి, ఆ కాగితాన్ని మడిచి దిండు కింద దాచుకున్నాడు. ఇంతమందిమి ఉండి మాలో ఒక్కరం కూడా ఆయన్నే అడగొచ్చని అనుకోలేదు.

అక్కడి నుంచి ఏర్పాట్లన్నీ ఆయన్ను బట్టే జరిగాయి. మాట పోయిన మనిషికి రణగొణ ధ్వనిలో పక్కవాడు అనేది కూడా అందదని థెరపిస్టు చెప్పింది. అందుకని సౌండ్ బాక్సులు స్టేజికి దూరంగా పెట్టించాం. బాపు స్టేజి మీద ఉన్నంతసేపు డీజే బంద్. పొద్దుగూకాక ఆయన అలసిపోతాడు గనుక ముందే కూర్చోబెట్టి, ముందే ఇంటికి పంపాలని అనుకున్నాం. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డురావద్దు. ప్రశ్న వేస్తే తల ఊపితే సరిపోయేదే వెయ్యాలి, అదీ మైకు లేకుండా. యాంకర్ ఇవన్నీ చిన్న నోటుబుక్కులో ఉర్దూలో రాసుకున్నాడు. ఈవెంట్ వాళ్లకు స్టేజి, లైట్లు మాత్రమే మీవి, ఆటలు వద్దని చెప్పేశాం.

మాఘంలో పెళ్లయింది. మూడో రోజు బోధన్‌లో రిసెప్షన్. బాపు తెల్లచొక్కా తొడిగించుకున్నాడు గానీ కారెక్కే దాకా మాకు నమ్మకం లేదు.

యాంకర్ ఆ సాయంత్రం స్టేజి మధ్యలో నిలబడింది తక్కువ. మెట్ల దగ్గరే ఉన్నాడు. పైకి వచ్చే ప్రతి మనిషి చెవిలో మైకు పక్కకు పట్టుకుని ఒక మాట చెబుతున్నాడు: “చాచాకు ఎడమ చెయ్యి ఇయ్యండి.” మనలో ఎడమ చెయ్యి ఇవ్వడం తప్పు. పెద్దమనుషులు ఒక క్షణం తటపటాయించి, తర్వాత ఇచ్చారు. బిలోలి వాళ్లకు మరాఠీలో, క్యాంపు రైతులకు తెలుగులో స్వాగతం చెప్పాడు. ఫ్యాక్టరీ వాళ్లను మాత్రం కాటా, మిల్ హౌస్, బాయిలర్ అంటూ సెక్షన్ల వారీగా పేరు పెట్టి పిలిచాడు. బాపు వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాడు. పేరు పిలవగానే మెట్ల వైపు చూసేవాడు.

మధ్యలో ఒక దగ్గరి చుట్టం మైకు లాక్కుని, “మామా, రెండు ముచ్చట్లు చెప్పాలె ఇయ్యాల” అని బాపు మీదికి వంగాడు. నా గుండె ఆగినంత పనైంది. యాంకర్ ఒక్క అంగలో ఎడమ పక్కకు వచ్చి, మైకు మీద చెయ్యి మూసి, నవ్వుతూనే తీసుకున్నాడు. “చాచా చెప్పాల్సింది నాకు చెప్పి పంపిండు. అందరు కడుపు నిండ తిని పోవాలంట. అంకాపూర్ నాటుకోడి సల్లారుతున్నది” అన్నాడు. జనం భోజనాల వైపు కదిలారు. అది నిజంగా బాపు మాటే. ముందు రోజు మెనూ కాగితం మీద వేలు పెట్టి, చేత్తో వడ్డించినట్టు చూపించి చెప్పాడు.

తమ్ముడి దోస్తులు చప్పగా ఉందన్నారు. అనుకోనీ. బాపు వెళ్లాక వాళ్లు డీజే పెట్టుకుని తెల్లారేదాకా ఎగిరారు.

బాపు అనుకున్నదానికంటే ఎక్కువసేపే ఉన్నాడు. కాటా దగ్గర ఆయనతో పాటు చేసిన ఒక కాక చివర్లో వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయనకూ ఎనభై దగ్గరికొచ్చాయి. “ఏమే, మల్ల డ్యూటీకి పోదామా?” అన్నాడు. “అవు మల్ల” అన్నాడు బాపు. ఇద్దరూ నవ్వారు. ఈసారి ఎడమ చెయ్యి అడ్డంగా కదలలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు థెరపిస్టును లోపలికి రానిచ్చాడు. ఇప్పుడు నీళ్లు, చాయ్, బువ్వ అంటున్నాడు. కోడలి పేరులో మొదటి అక్షరం వస్తుంది. మా పేర్లు ఇంకా రాలేదు. యాంకర్ అబ్బాయి జుమ్మా నమాజు అయ్యాక అప్పుడప్పుడు వచ్చి ఎడమ పక్కన కూర్చుంటాడు.

మీ ఇంట్లో స్ట్రోక్‌తో మాట పోయిన వాళ్లుంటే, శుభకార్యంలో మైకు పట్టే మనిషిని ముందుగానే ఇంటికి పిలిచి వాళ్ల దగ్గర కూర్చోబెట్టండి. వాళ్లకు ఏం ఇష్టమో వాళ్లనే అడగండి, జవాబు వచ్చేదాకా ఆగండి. మైకు పట్టే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా విన్నపం ఒక్కటే: స్టేజి మీద పెద్దవాళ్ల మూతి దగ్గర మైకు పెట్టే ముందు ఇంటివాళ్లను ఒక్క మాట అడగండి.