గిన్నె అడుగు టీ

కాఫీ ఇంట్లో పుట్టి టీ ఇంట్లో మెట్టినదాన్ని నేను. ఇదేమంత పెద్ద సంగతి, ఇంటిపేరే మారగా లేనిది ఇదొక లెక్కా అనుకుంటారేమో మీరు. ఇంటిపేరు మార్చుకోవడానికి ఒక్క సంతకం చాలు. నాలుక మార్చుకోవాలంటే మాత్రం ఏళ్ళు పడుతుందండీ!

మా పుట్టిల్లు తెనాలి. తెల్లవారుఝామున ఇత్తడి ఫిల్టర్లో డికాషన్ చుక్కచుక్కగా దిగుతూంటే ఆ వాసనకే అక్కచెల్లెళ్ళం నలుగురం లేచి కూర్చునేవాళ్ళం. టీ అంటే రైలు ప్రయాణంలో తాగేది, లేకపోతే ఇంటికి సున్నాలు వేయడానికి వచ్చినవాళ్ళకి సందు చివరి బడ్డీకొట్టు నుంచి తెప్పించేది. అంతే తప్ప టీపొడి డబ్బా అనేది మా వంటింటి అలమరలో నేను చూడలేదు.

మా అమ్మమ్మ ఒక కథ చెప్పేది. 1930ల్లో, 40ల్లో మన దేశంలో జనానికి టీ అలవాటు చేయడానికి పెద్ద ప్రచారమే జరిగింది. గోడల మీద బొమ్మలు, ఊళ్ళల్లో ఉచితంగా టీ పోయడం, ఎలా కాచుకోవాలో చేసి చూపించడం... అన్నీనూ. మా అమ్మమ్మ వాళ్ళ వీధిలో కూడా అలా బల్ల వేసి పోశారట. ఎనిమిదేళ్ళ అమ్మమ్మ ఒక కప్పు తాగేసి ఇంటికొచ్చింది. ఆ కబురు ముందే ఇల్లు చేరింది. వాళ్ళ నాయనమ్మ నూతి దగ్గర నిలబెట్టి నెత్తిన నాలుగు చేదలు గుమ్మరించిందట. "ఇంతకీ ఆ టీ ఎలా ఉందే అమ్మమ్మా?" అనడిగితే, "ఏమోనే, నీళ్ళు చల్లగా ఉన్నాయి, అదే గుర్తుంది" అనేది.

అలాంటి ఇంటినుంచి 2003లో హైదరాబాదు కోడలినై వచ్చాను. మా అత్తగారిది వరంగల్లు. కాపురానికొచ్చిన మర్నాడు పొద్దున్నే, "చాయ్ పెట్టు బిడ్డా, అందరం తాగుదం" అన్నారు ఎంతో ఆప్యాయంగా. బి.ఏ.లో చరిత్ర చదివాను, తెలుగు సాహిత్యం చదివాను. చాయ్ పెట్టడం మాత్రం ఏ పేపర్లోనూ లేదు. నాకు తెలిసిన విద్య ఒక్కటే. పుట్టింటివాళ్ళు సారెతోపాటు ఇచ్చిన ఫిల్టరు తీసి, అందులో టీపొడి వేసి, మరిగే నీళ్ళు పోసి మూత పెట్టాను. డికాషన్ దిగింది. పాలు కలిపాను. చక్కెర వేశాను. పళ్ళెంలో పెట్టుకుని హాల్లోకి వెళ్ళాను.

ఎవరూ ఏమీ అనలేదు. మా వారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. మామగారు ఒక గుక్క తాగి, "ఇదేంది బిడ్డా, మందా?" అన్నారు. అడగడం మాత్రం చాలా మర్యాదగానే అడిగారు.

అత్తగారు కొంగు బిగించి నన్ను పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ చెప్పిన పాఠం ఈనాటికీ నాకు కంఠతా వచ్చు. నాలుగు కప్పులు కావాలంటే రెండు కప్పుల పైచిలుకు నీళ్ళు. ముందు అల్లం, కచ్చాపచ్చాగా దంచి ఆ నీళ్ళల్లోనే వేయాలి. అల్లం ఘాటు నీళ్ళకి పట్టాక కప్పుకో చెంచా చాయ్‌పత్తి. అది ఎర్రగా మరిగాక రెండు కప్పుల పాలు. పొంగి పైకొస్తుంది, మంట తగ్గించాలి. దిగుతుంది, మళ్ళీ పెంచాలి. అలా మూడు పొంగులు. దించేముందు రెండు ఏలకులు నలిపి పడేసి ఒక్క నిమిషం మూత.

"అల్లం పాలల్ల వెయ్యకు, ఇరిగిపోతయ్" అన్నారావిడ. ఎందుకు విరుగుతాయో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. పచ్చి అల్లంలో పాలను విరగ్గొట్టే గుణమున్న ఎంజైము ఒకటి ఉందనీ, నీళ్ళల్లో బాగా మరిగితే దాని శక్తి పోతుందనీ ఎన్నో ఏళ్ళకి ఒక పుస్తకంలో చదివాను. మూడో తరగతి దాటని మా అత్తగారికి ఆ సంగతి చేతికే తెలుసు!

ఒక్క చాయ్‌తో ఆగితే బాగానే ఉండును. రాన్రానూ మా ఇంట్లో మనిషికో టీ అయింది. మా వారికి ఇరానీ చాయ్ పిచ్చి. కాలేజీ రోజుల్లో చార్మినార్ దగ్గర వన్ బై టూ తాగిన రుచి నాలుక మీద ఉండిపోయింది పాపం. అది మామూలు టీ కాదు. డికాషన్ వేరు, పాలు వేరు. డికాషన్ గిన్నెకి మూతపెట్టి, అంచుకి పిండిముద్ద అంటించి, ఆవిరి పోకుండా సన్నమంట మీద అరగంట పైగా మగ్గనివ్వాలి. ఇంకో పొయ్యి మీద పాలు చిక్కబడి మీగడ రంగు తిరిగేదాకా కలుపుతూ నిలబడాలి. అప్పుడు కప్పులో ముందు పాలు, మీద డికాషన్. ఆదివారం పొద్దున ఆయన పేపరు చదువుతూ, "ఏమోయ్, మన ఇరానీ ఎంతవరకొచ్చింది?" అంటారు, అదేదో రైలైనట్టు.

మామగారికి బెల్లం టీ కావాలి. చక్కెర మానెయ్యమన్నారు డాక్టరు. చక్కెర మానేసి ఆయన బెల్లం పట్టుకున్నారు. రెండూ ఒకటేనని చెబితే వింటేగా! బెల్లం టీకో చిక్కుంది. మరిగే పాలల్లో బెల్లం పడితే విరుగుతుంది. అంచేత టీ దించి, పొంగు చల్లారాక బెల్లప్పొడి కలపాలి. మా ఆడపడుచు వస్తే పాలు లేని టీ, అందులో నిమ్మరసం. నిమ్మ పడగానే ముదురు ఎరుపు కాస్తా తేనెరంగులోకి తిరగడం ఎన్నిసార్లు చూసినా నాకు వింతే.

ఇక మా అమ్మాయి. డిగ్రీలో చేరిన దగ్గర్నించీ దానిది గ్రీన్ టీ. "అమ్మా, మరిగించకు, చేదెక్కుతుంది. నీళ్ళు కాగాక దించి, రెండు నిమిషాలాగి అప్పుడు ఆకు వెయ్యి" అని నాకే పాఠం. దాని ఆకూ మా అత్తగారి పత్తీ ఒకే చెట్టువి అంటే అది నమ్మదు. నిజంగా ఒకటే చెట్టు. కోసిన ఆకును వెంటనే వేడి చేస్తే రంగు నిలిచి గ్రీన్ టీ అవుతుంది. నలిపి, గాలికి నల్లబడనిస్తే మన టీ అవుతుంది. మనం వాడే గుండ్రటి పలుకులు 1930ల్లో అస్సాంలో వచ్చిన యంత్రం పుణ్యం. ఆకుని నలిపి, చీల్చి, చుట్టేస్తుందది. చిక్కటి రంగు త్వరగా దిగుతుంది, కొంచెం పొడితో ఎక్కువ కప్పులు వస్తాయి. మన ఇళ్ళల్లో పాలటీ ఇంతగా పాతుకుపోవడానికి అదీ ఒక కారణం.

2011లో కాశ్మీరు వెళ్ళొచ్చాక నాకూ ఒక ఉబలాటం పుట్టింది. అక్కడి గులాబీరంగు ఉప్పుటీ, నూన్ చాయ్, ఇంట్లో కాయాలని. ఆకు, వంటసోడా వేసి చాలాసేపు మరిగించాలి, చల్లనీళ్ళు పోసి గరిటెతో ఎత్తెత్తి పొయ్యాలి, ఎర్రబడ్డాక పాలు కలిపితే గులాబీరంగు. దానికి ప్రత్యేకమైన ఆకుపచ్చ ఆకు కావాలని నాకు తెలీదు. మన డబ్బాలో పొడే వేసి గంటసేపు యుద్ధం చేశాను. వచ్చిన రంగు బురదకీ బూడిదకీ మధ్య ఉంది. ఉప్పు సరేసరి. ఆరోజు మామగారు "మందా?" అని కూడా అడగలేదు. గ్లాసు పక్కన పెట్టి నడకకి వెళ్ళిపోయారు.

ఇన్ని రకాలు చెప్పాను, మరి నీ టీ ఏదమ్మా అని మీరడగలేదు. ఫరవాలేదు, నన్నెవరూ అడగలేదు.

నాది గిన్నె అడుగు టీ. అందరికీ వడకట్టి ఇవ్వగా మిగిలింది. ఒకరోజు అల్లం, ఒకరోజు ఇరానీ, ఒక్కోరోజు రెండూ కలిసి. అప్పటికది చల్లారి, మీగడ కట్టి ఉంటుంది. మళ్ళీ వెచ్చబెట్టి, పది గంటలకి నేను తినే చల్లారిన ఇడ్లీతోబాటు తాగేదాన్ని. మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కోగానే ఇంకో గ్లాసు. వంట చేసేవాళ్ళకి ఇదేం కొత్త? మా అమ్మ కూడా అడుగు కాఫీయే తాగేది. నా నవలల్లో నాయికలు తిరగబడిన ఇల్లాళ్ళే అందరూ. వాళ్ళ మాటలు రాస్తూ పక్కన ఆ గ్లాసే పెట్టుకునేదాన్ని!

కిందటేడు ఒకరోజు మెట్లెక్కుతూ కళ్ళు తిరిగి కూలబడ్డాను. రక్తం పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 9. లేడీ డాక్టరు నన్ను చూసి, "ఏం తింటారు?" అని అడిగి, ఆ వెంటనే "టీ ఎప్పుడు తాగుతారు?" అంది. టీకీ రక్తానికీ ఏమిటి సంబంధం అనుకున్నాను. ఉందట. టీలోని వగరు పదార్థాలు మనం తిన్న ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుముని ఒంటికి సరిగా పట్టనివ్వవట. అందుకని భోజనానికి ముందూ వెనకా కనీసం గంట ఎడం ఉండాలి. ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకుంటే మంచిది. రక్తం తగ్గడానికి కారణాలు వేరే ఉండొచ్చు, పరీక్షలు చేయించుకోవాల్సిందే, కానీ ఈ అలవాటు మాత్రం మానండి అంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశంలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. నూటికి యాభై ఏడుగురు! మన పేటలో వీధికెంతమందో లెక్కేసుకోండి.

వారం రోజులు మంచం దిగొద్దన్నారు. రెండోరోజు పదింటికి మా పనావిడ గది గుమ్మంలో నిలబడి అడిగింది.

"అమ్మా, చాయ్ పెడ్త. మీకెట్ల గావాలె?"

నేను నోరు తెరిచాను. మాట రాలేదు. నిజంగా రాలేదండీ. ఇంటిల్లిపాదీ రుచులు నిద్రలో అడిగినా చెబుతాను. మామగారి బెల్లం ఎంతో, అమ్మాయి నీళ్ళు ఎంత వేడో. నాకెలా కావాలి? అల్లమా? ఏలకులా? పాలెక్కువా, తక్కువా? ఇరవై ఏళ్ళు దాటింది, నా నాలుక తనదంటూ ఏమీ చెప్పలేదు.

"నీకెలా ఇష్టమైతే అలా పెట్టు" అన్నాను చివరికి. "నువ్వెలా తాగుతావో అలాగే."

అదొక నవ్వు నవ్వింది. "నేను తాగినట్లు మీరు తాగలేరమ్మా."

"ఏం?"

"మీరు వడకట్టి పడేసిన పత్తి ఉంటది గద. దాంట్లనే నీళ్ళు పోసి మల్ల మసలబెట్టుకుంట."

నేను లేచి కూర్చున్నాను. పదకొండేళ్ళుగా మా ఇంట్లో పనిచేస్తోంది ఆవిడ. రోజూ "టీ తాగావా?" అని అడుగుతాను. "తాగిన" అంటుంది. పాలు మిగిలిన రోజున పోస్తాను కూడా. కిటికీ ఊచల దగ్గర ఆవిడ స్టీలు గ్లాసు విడిగా బోర్లించి ఉంటుంది. నేను కాపురానికి రాకముందు నుంచీ ఆ చోటు పనివాళ్ళ గ్లాసుదే. నేను దాన్ని కదపలేదు. గిన్నె అడుగు నాదే అనుకుని మనసులో ఎంత జాలి పడ్డానో నామీద నేను! అడుగుకి అడుగున ఇంకొకరున్నారని చూడలేదు.

"సరే, నీ ఇష్టప్రకారం పెట్టుకోమంటే ఎలా పెట్టుకుంటావు?" అన్నాను.

ఆవిడ క్షణం కూడా ఆలోచించలేదు. "పాలు ఎక్కువ, చక్కెర ఎక్కువ, పత్తి జరంత. ఇలాచి రెండు. గాజు గిలాస్ల."

చూశారా! ఆవిడకి తెలుసు. అడిగినవాళ్ళు లేకపోయారు గానీ.

ఆ పూట ఆవిడ చెప్పినట్టే రెండు గ్లాసులు కాచింది. ఇద్దరం తాగాం. నాకు తీపి ఎక్కువైంది. ఆహా, నాకు తీపి తక్కువ కావాలన్నమాట అని అప్పుడు తెలిసింది. అలా ఒక్కొక్కటే తెలుసుకుంటున్నాను. అల్లం వద్దు, ఏలక్కాయ ఒకటి చాలు, పాలు సగం, చక్కెర అరచెంచా. పదకొండింటికి, తిండికి ఎడంగా, వేడివేడిగా.

కిటికీ దగ్గర గ్లాసు తీసి అలమరలో మా గ్లాసుల పక్కన పెట్టాను. అత్తగారు చూశారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు, "ఇలాచి డబ్బా మల్ల నింపు, జల్ది ఐపోతున్నది" అన్నారు. అది ఒప్పుకోవడమో దెప్పడమో ఈనాటికీ నాకు అర్థం కాలేదు. మా వారు ఇప్పుడు ఆదివారం ఇరానీ తనే కాస్తున్నారు. పాలు మొదటిసారి అడుగంటాయి, రెండోసారి పొంగిపోయాయి. పొయ్యి తుడిచింది నేనే. మూడోసారి ఆయనే తుడిచారు. మాత్రలు వేసుకుంటూ, వేళ మార్చుకుంటే మూడు నెలలకి హిమోగ్లోబిన్ 11 దగ్గరికొచ్చింది.

ఈసారి టీ కాచినప్పుడు ఒక్క పని చేయండి. వడకట్టి అందరికీ ఇచ్చాక, గిన్నె అడుగున మిగిలింది ఎవరికి వెళుతోందో చూడండి. మీకే వెళుతుంటే ఒకసారి ఆలోచించండి. మీ తర్వాత ఇంకెవరికైనా వెళుతుంటే మాత్రం, ఆలోచించకండి. వెంటనే వెళ్ళి, "నీకెలా కావాలి?" అని అడగండి.